ఆదివారం పొద్దున బరీ స్కోరు

నందికొండ,
3-9-2019.

కోపం దిగని యాకూబ్‌కు రఘుపతి సలాములు.

నా గొంతు ఇక నీ చెవిన పడకూడదని ఒట్టు పెట్టుకున్నావు. మంచిది. నా చేతిరాత నీ కంట పడకూడదని మాత్రం పెట్టుకోలేదు కదా? అందుకే ఈ ఇన్‌లాండ్ కవరు. చదవకుండా చించకు.

సూదుల సంగతి మళ్లీ ఎత్తను. మండలాఫీసు నుంచి మాట్లాడుతున్నానని గొంతు మార్చి, "కోస్గిల ఉన్న కుట్టుమిషన్ సూదులన్ని లెక్కవెట్టి డబ్బల తీస్కరాండ్రి" అని ఫోన్ చేసింది నేనే. కానీ నువ్వు మిగతా నలుగురు దర్జీల సూదులు కూడా పోగుచేసుకొని, స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకొని ఆఫీసుకు పోతావని నేను కలగన్నానా? సర్కారు మీద నీకంత నమ్మకం ఉంటే నేనేం చేసేది?

అసలు సంగతికి వస్తాను. బరీ పోయింది.

మన గుర్వయ్య సార్ బరీ. పైలాన్ కాలనీ గ్రౌండులో బంతి ముట్టనిచ్చే ముందు మనందరి చేత ఎక్కాల్లాగా వల్లె వేయించేవాడే, ఆ ఇంగ్లండు ఫుట్‌బాల్ క్లబ్బు. పద్దెనిమిది వందల ఎనభై ఐదులో పుట్టింది. పంతొమ్మిది వందలలో కప్పు, నాలుగు–సున్నా. పంతొమ్మిది వందల మూడులో మళ్లీ కప్పు, ఆరు–సున్నా, ఆ ఏడు కప్పు మొత్తంలో ఒక్క గోలు కూడా ఇవ్వలేదు. నేను ఇంటర్ రెండుసార్లు తప్పాను గానీ ఇది తప్పలేదు.

మొన్న ఏప్రిల్‌లోనే పై లీగుకు ఎక్కారు. ఆగస్టు ఇరవై ఏడున, డబ్బుల సంగతి తేల్చలేకపోయారని లీగులోంచే తీసేశారు. నూట పాతికేళ్లుగా లీగులో ఉన్న పేరు, ఒక మంగళవారం కొట్టేశారు. మా నిరోష ఫోన్‌లో చూపించి, "నాయినా, గిది మీ సార్ టీమే గదా?" అంది.

మూడేళ్ల కింద పక్షవాతం వచ్చినప్పటి నుంచి సార్‌కు కుడివైపు పనిచేయదు. చూపు కూడా మసకేసింది. పేపర్ చదవలేడు, ఫోన్ చూడలేడు. ప్రతి ఆదివారం పొద్దున, చేపల వేపుడు బండి మీద పొయ్యి ముట్టించక ముందు, నేను పోయి శనివారం స్కోరు చెప్పి వస్తాను. మొన్న కూడా పోయాను. చెప్పేద్దామనే పోయాను. సార్ ఇంటామె హనుమమ్మ ఆయనకు తల దువ్వి, చొక్కా గుండీలు పెట్టి, వరండాలో కూర్చోబెట్టింది. నా చెప్పుల చప్పుడు వినగానే అడిగాడు.

"ఎంతరా?"

"రెండు–సున్నా, సార్."

"ఎవలు?"

"మనమే."

నా నోరు నా మాట వినదని నీకు తెలుసు. సార్ ఎడమ చెంప నవ్వింది. "ఎవడు గొట్టిండు?" అన్నాడు. "వచ్చే వారం జెప్త సార్, చేపలు ఖరాబైతయి" అని ఉరికొచ్చాను.

గేట్లు ఎత్తారు, డ్యామ్ చూడటానికి జనం తండోపతండాలుగా వస్తున్నారు. నాకు మాత్రం బండి దగ్గర కాలు నిలవడం లేదు. ఏం చేయాలో రాయి.

నీ,
రఘుపతి


కోస్గి,
15-9-2019.

రఘుపతికి,

సూదుల సంగతి ఎత్తనని అంటూనే పది వరసలు ఎత్తావు. ఆఫీసులో ఆ గుమస్తా నా డబ్బా మూత తీసి, పక్క గదుల వాళ్లను కూడా పిలిచి చూపించాడు. ఇప్పుడు బజారులో నా పేరు "సూదుల సర్వే". మా అమ్మ ఖాదర్‌బీ కూడా నవ్వింది. అందరినీ మాఫ్ చేస్తాను, ఆమె నవ్వు మాత్రం నీ ఖాతాలోనే ఉంది.

సార్ విషయం. ఇందులో అడగడానికేముంది? పోయి నిజం చెప్పు.

ఆయన ఎటువంటి మనిషో మరిచావా? మోత్కూరులో మగ్గం గుంట పక్కన పుట్టి పెరిగినవాడు. డ్యామ్ కట్టిన కాలంలో ఎవరో క్రేన్ మెకానిక్ కాలనీ క్లబ్బులో వదిలిపెట్టి పోయిన పాత ఫుట్‌బాల్ పుస్తకంలో, బరీ నూలు మిల్లుల ఊరని చదివి, "నూలు ఊరోళ్లు ఆడుతున్నరంటె మనోళ్లే" అని ఆ జట్టును పట్టుకున్నాడు. మరి పెద్ద పెద్ద టీములు ఎన్ని లేవు? గెలిచేవాటిని పట్టుకోలేదు.

నేను రంజాన్ రోజాలుండే నెలలో ప్రాక్టీసు వేళే మార్చినవాడు. బాగా ఆడనినాడు "ఇయ్యాల నువ్వు ఆడలే, గ్రౌండుల తిరిగినవ్" అని మొహం మీదే చెప్పినవాడు. నాకు ఒక్కసారి కూడా తియ్యటి అబద్ధం చెప్పలేదు. అటువంటి మనిషికి రెండు–సున్నానా?

దసరా లోపల చెప్పు. నువ్వు చెప్పకపోతే నేను వచ్చి చెప్తాను.

యాకూబ్


నందికొండ,
20-10-2019.

దర్జీ మహారాజుకు,

దసరా పోయింది. నేను చెప్పలేదు. నువ్వూ రాలేకపోయావు. బస్సుల సమ్మె నన్ను కాపాడింది. డ్రైవర్ల కష్టం తలుచుకుంటే బాధే, కానీ కోస్గి నుంచి బస్సు లేదని వింటే మాత్రం నాకు కంటి నిండా నిద్ర పట్టింది.

తిట్టు. కానీ ముందు ఇది విను. ఇప్పటికి ఏడు మ్యాచ్‌లు ఆడించాను. వారం వారం సార్ ముఖం తెరుచుకుంటోంది. ఇదివరకు గంజి తాగను అనేవాడు, ఇప్పుడు శనివారం నుంచే "రేపు వాడొస్తడు" అంటున్నాడట. స్కోరు ఒక్కటే చెబితే ఊరుకోడు. బంతి ఎవడిచ్చాడు, ఎవడు తప్పించాడు, గోలీ ఎటు దూకాడు, అన్నీ కావాలి.

ఇంగ్లండు వాళ్లు ఎట్లా ఆడతారో నాకేం తెలుసు? నాకు తెలిసింది ఒకటే ఆట, ఎనభై ఏడులో మనం ఆడింది. అదే తీసుకుపోయి అక్కడ పెట్టాను. బరీ గోలీకి మెల్లకన్ను, ఎటు చూస్తాడో ఎదుటివాడికి తెలియదు. ఎవరో తెలిసింది కదా? మన మల్లన్న. అక్రింగ్టన్ మ్యాచ్‌లో కుక్క లోపలికొచ్చి బంతి ఎత్తుకుపోయింది. సార్ పొట్ట పట్టుకొని నవ్వాడు. "ఇంగ్లండుల గూడ ఊరకుక్కలుంటయారా?" అన్నాడు. "గోధుమ రంగువి ఉంటయి సార్" అన్నాను.

ఎడమవైపు ఒకడున్నాడు. గీత పట్టుకొని ఉరుకుతాడు, లోపలికి రమ్మంటే రాడు.

"వాడెవడ్రా?" అని అడిగాడు సార్.

"ప్లాంట్ మునిమనవడు, సార్."

పంతొమ్మిది వందల మూడు కప్పులో గోలు కొట్టిన ప్లాంట్ గుర్తున్నాడా? ఆ మాటకు సార్ కళ్లు తడి అయ్యాయి. నాకేమో చెమట పట్టింది. కానీ బోల్టన్ మ్యాచ్ విను. ఒకటి–ఒకటి ఉండగా ఆ ప్లాంట్ మునిమనవడు గీత వెంబడి ఉరికి ఎడమ కాలితో ఒకటి, మళ్లీ ఐదు నిమిషాలకు ఇంకొకటి. మూడు–ఒకటి. బోల్టన్ వాళ్లు తలలు పట్టుకున్నారు.

కష్టం ఏమిటంటే, శుక్రవారం నుంచే నా బుర్ర తిరగడం మొదలవుతుంది. చేప నూనెలో ఉంటుంది, నేను బోల్టన్‌లో ఉంటాను. మొన్న ఒక హైదరాబాద్ ఆసామి "అన్నా, ఇది చేపనా, బొగ్గా?" అన్నాడు. "సగం సగం" అన్నాను. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే నడవాలనిపిస్తుంది. ఇంట్లోనేమో నాకు ఎవతో దొరికిందని అనుమానం. ఎవతో కాదే, పదకొండు మంది మగాళ్లు అని ఎట్లా చెప్పేది?

రఘుపతి


కోస్గి,
17-11-2019.

రఘుపతీ,

దసరా పోయింది, దీపావళి పోయింది. నీకు సిగ్గు లేదు. ముందు ఇది రాసి, మిగతాది తర్వాత రాస్తున్నాను.

ఆ ఎడమవైపు ఆడేది నేనేనా?

నేనే అయితే రెండు మాటలు. ఒకటి, నేను లోపలికి రాకపోయేది పొగరుతో కాదు. లోపల నువ్వుండేవాడివి. నీకు బంతి ఇస్తే తిరిగి రాదు, అందుకని గీత పట్టుకొని ఉరికేవాడిని. రెండు, నేను పరుగెత్తేటప్పుడు తల ఎత్తను. అది కూడా చెప్పు. సార్‌కు ఆ సంగతి తెలుసు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నాలుగోసారి మా బిడ్డ ఉజ్మా చేతికిచ్చి అమ్మకు చదివి వినిపించమన్నాను. చదివి, "అబ్బా, నువ్వు గంత జోరుగ ఉరికేటోనివా?" అంది. ఇరవై ఏళ్ల పిల్ల, నన్ను మిషన్ మీద వంగినట్టుగానే చూసింది పాపం. ఆ రోజంతా పాదాలు మిషన్ పెడల్ మీద ఆగలేదు. రెండు లాల్చీలకు చేతులు తారుమారు కుట్టాను.

తప్పు తప్పే. సార్‌కు నిజం చెప్పాల్సిందే. కానీ నేను కూడా ఒక పని చేశాను. నందికొండ వదిలి వచ్చాక ఆయన్ను చూసి పదకొండేళ్లయింది. ఒక్క అక్షరం రాయలేదు. ఏం రాయాలో తెలిసేది కాదు. మనం ఆడే రోజుల్లో మన జట్టు గెలిస్తే, ఆ రోజు ఊళ్లో లేనివాళ్లు సార్‌కు ముబారక్ అని కార్డు ముక్క రాసే అలవాటు ఉండేది కదా. మొన్న పోస్టాఫీసులో కార్డు కొని, బోల్టన్ మీద మూడు–ఒకటి గెలిచినందుకు ముబారక్ అని రాసి డబ్బాలో వేశాను.

పాపం నీది, కార్డు నాది. ఇక ఇంతటితో ఆపు. సమ్మె అయిపోయి నేను వచ్చేలోగా నిజం చెప్పు.

యాకూబ్


నందికొండ,
8-12-2019.

యాకూబ్ భాయ్, కొంప మునిగింది.

కార్డు ఎందుకు రాశావురా? అడిగి రాయొద్దా?

వరండాలో ఎండకు కూర్చున్నాం. హనుమమ్మ అద్దాలు పెట్టుకొని చదివింది. "సార్‌కు యాకూబ్ నమస్కారాలు. బోల్టన్ మీద మూడు–ఒకటి గెలిచినందుకు..." నా చేతిలోని బిస్కెట్ విరిగి చాయ్‌లో పడింది.

"ఒకటి–ఒకటి గదా?" అన్నాడు సార్.

అవును. ఆయనకు ఒకటి–ఒకటి అనే చెప్పాను. వరసగా గెలిపిస్తే అనుమానం వస్తుందని డ్రా చేశాను. నీకు ఉత్తరం రాసేటప్పుడు, సూదుల పాపం కొంచెం తగ్గుతుందని నీ కాలికి రెండు గోల్స్ తగిలించాను. మనిషిని బట్టి స్కోరు మార్చడం నాకు వచ్చు. ఎవరికేం చెప్పానో గుర్తుపెట్టుకోవడమే రాదు.

"యాకూబ్ తప్పు రాసినట్టున్నడు సార్. వయసు మీదవడ్డది" అన్నాను.

"వాడు నీకన్న మూడు నెలలు చిన్నోడు."

"అయినా సార్..."

"దర్జీ పని జేసేటోడు. ఒక్క ఇంచు తప్పితె అంగీ మెడకు పట్టది. వాడు ఒకటికి మూడు ఎట్ల రాస్తడు?"

నేను చాయ్‌లోంచి బిస్కెట్ ముక్క ఏరుకున్నాను. సార్ "వచ్చే వారం నీ ఫోన్ తే. నా చెవికి పెట్టు. స్కోర్లు సదివేటోడు ఉంటడు గదా, ఆయన నోట్లెకెల్లి ఇంట" అన్నాడు.

"ఫోన్ కృష్ణల వడ్డది సార్."

"ఏ గేటు కాడ?"

"పద్నాలుగో గేటు."

అప్పుడే నా జేబులో ఫోన్ మోగింది.

యాకూబ్, నీ కాళ్లు మొక్కుతా. తొందరలో తప్పు రాశానని సార్‌కు ఇంకొక్క కార్డు రాయి. ఒక్కటే వరస. నువ్వు రాస్తే నమ్ముతాడు. చలిలో కూడా చెమటకు నా పక్క తడిసిపోతోంది. ఇటు దొర్లి, అటు దొర్లి, లేచి వాకిట్లో తిరుగుతున్నా.

నీ రఘు


కోస్గి,
22-12-2019.

రఘుపతి గారికి,

వయసు మీదపడి నేను తప్పు రాశానని మీరు సార్‌తో అన్నట్టు తెలిసింది. ఆ వయసు మీదపడిన మనిషి రాసే ఉత్తరం ఇది.

నేను రెండో కార్డు రాయను. "వాడు ఒకటికి మూడు ఎట్ల రాస్తడు?" అన్నాడు కదా సార్. ఆ ఒక్క వాక్యం కోసం మీ ఉత్తరం దాచుకున్నాను. పదకొండేళ్లుగా ముఖం చూపించనివాడి తరఫున ఆయన నిలబడ్డాడు. నేను తప్పు రాశానని ఇప్పుడు నా చేత్తో రాసి ఆయన్ను ఓడించమంటారా?

బస్సులు తిరుగుతున్నాయి. జనవరి ఇరవై ఆరు, ఆదివారం నాడు వస్తున్నాను. ఆ లోపల మీరు చెబితే మీ నోటితో వింటాడు. లేకపోతే నా నోటితో.

ఇట్లు,
షేక్ యాకూబ్, దర్జీ


నందికొండ,
20-1-2020.

యాకూబ్,

నిన్న చెప్పాను.

ఇన్ని వారాలు ఎందుకు పట్టిందో కూడా రాస్తాను. ఆ కార్డు తర్వాత సార్ "ఎంతరా?" అని అడగడం మానేశాడు. నేను పోయేవాడిని, కూర్చునేవాడిని. నేనే స్కోరు చెప్పేవాడిని. ఆయన "ఊఁ" అనేవాడు. కొట్టినా బాగుండేది. రెండు వారాలు జ్వరమని ఎగ్గొట్టాను. మూడో వారం నిజంగానే జ్వరం వచ్చింది.

నిన్న పోయి, కూర్చోకుండానే అన్నాను.

"సార్, బరీ లేదు."

"ఏడికి వోయింది?"

"లీగులకెల్లి తీసేసిండ్రు. గ్రౌండుకు తాళం వడ్డది."

"ఎన్నడు?"

"ఆగస్టు ఇరవై ఏడు."

ఎడమ చేతి వేళ్లతో దుప్పటి మీద లెక్కపెట్టాడు. వారాలు లెక్కపెడుతున్నాడని నాకు అర్థమైంది.

"మరి గా మ్యాచులన్ని?"

"నేనే, సార్."

"గా ఎడమ దిక్కు పిలగాడు?"

"మన యాకూబ్, సార్."

"బయటికి నడువ్" అన్నాడు. అరవలేదు. మనం తప్పు పాస్ ఇచ్చినప్పుడు అరిచేవాడే, ఆ గొంతు కాదు.

గేటు దగ్గర హనుమమ్మ పట్టుకుంది. "ఆయనకు జెప్పకుంటె మాన్లె, నాకన్న జెప్పొద్దారా? ఐదు నెలలసంది ఆయన సంబురంగ లేస్తున్నడని నేను గూడ పొద్దుగాల సంబురంగ లేస్తున్న. ఇప్పుడు ఇద్దరం ఎట్ల లెవ్వాలె?" అంది.

నువ్వు ఆదివారం రా. ఆయన దగ్గర కూర్చో. నన్ను రమ్మనలేదు కాబట్టి నేను రాను. పొద్దున బండి ముట్టించడం, ఆర్పడం, డ్యామ్ రోడ్డు మీద ఈ చివరి నుంచి ఆ చివరికి నడవడం. ఇదే పని.

రఘుపతి


కోస్గి,
28-1-2020.

రఘూ,

వచ్చాను, పోయాను. నీ బండి దగ్గరికి రాలేదు. రోడ్డు అవతలి నుంచి నీ వీపు చూశాను. చేపను తిరగేయడం మరిచి గరిటె పట్టుకొని నిలబడ్డావు. పిలుద్దామనుకున్నాను. బస్సు వచ్చింది.

సార్ నా చెయ్యి పట్టుకొని బొటనవేలు తడిమాడు. సూదిపోట్ల గరుకు తగిలింది కాబోలు, "యాకూబ్" అన్నాడు. పదకొండేళ్లు ఏమైపోయావని అడగలేదు. ఆయన అడిగింది ఒకటే.

"వాడు నీకు స్కోరు ఫోన్ల జెప్పిండా, రాసిండా?"

"రాసిండు సార్."

"ఉన్నయా?"

నా జేబులోనే ఉన్నాయి. "సదువు" అన్నాడు.

అన్నీ చదివాను. ఒక్క మాట వదల్లేదు. సూదులు కూడా. నువ్వు నీ పక్క తడిసిందని రాసింది కూడా. కుక్క దగ్గర మళ్లీ నవ్వాడు. ప్లాంట్ మునిమనవడి దగ్గర కళ్లు మూసుకున్నాడు. అయిపోయాక, "హనుమమ్మా, నీళ్లు వెట్టు" అన్నాడు.

"పొద్దుగాల పోసుకున్నరు గదా?" అంది ఆమె.

"సావు కబురు తెలిస్తె తలకు వోసుకోవాలె. ఐదు నెలలాయె. మైలతోనే తిరుగుతున్న."

నాకు మీ పద్ధతి సగమే తెలుసు. ఏం చేయాలో ఆమెను చూస్తూ చేశాను. ఇద్దరం కలిసి మెట్లు దించి, బండ మీద స్టూలు వేసి కూర్చోబెట్టాం. నేను చెంబుతో నీళ్లు పోశాను. చలికి వణుకుతూనే ఉన్నాడు, పెదాలు మాత్రం ఆడుతున్నాయి. వంగి విన్నాను. పద్దెనిమిది వందల ఎనభై ఐదు. పంతొమ్మిది వందలు, నాలుగు–సున్నా. పంతొమ్మిది వందల మూడు, ఆరు–సున్నా. ఒక్కో చెంబుకు ఒక్కో మాట. నాకు నోరు దానంతట అదే కలిసింది. ఇద్దరం చెప్పుకుంటూ పోశాం.

తల తుడిచాక రెండుసార్లు అన్నం పెట్టించుకొని తిన్నాడు. నేను లేస్తుంటే, "వచ్చే ఆదివారం వాణ్ని రమ్మను. నోటుబుక్కు, పెన్ను తెమ్మను" అన్నాడు.

ఎందుకో చెప్పలేదు. కోపం పోయిందో లేదో నాకు తెలియలేదు. పో. తలుపు దగ్గర ఏ కూతలూ కూయకు.

నీ,
యాకూబ్


నందికొండ,
17-2-2020.

లెఫ్ట్ అవుట్ యాకూబ్‌కు,

నోటుబుక్కు, పెన్ను తీసుకొని పోయాను. నాకు శిక్ష రాయించుకుంటాడేమో, నూరుసార్లు "అబద్ధం చెప్పను" అని రాయిస్తాడేమో అనుకున్నాను. పెన్నులో సిరా కూడా చూసుకున్నాను.

"ఎన్ని ఆడినం?" అన్నాడు సార్.

"పదిహేడు, సార్."

"లీగుల మొత్తం?"

"నలభై ఆరు."

"ఇంక ఇరవై తొమ్మిది ఉన్నయి."

"సార్, గవన్ని నా అబద్ధాలు గదా."

"ఇప్పటిదాంక నీ అబద్ధం. ఇప్పటిసంది నా టీము. రాసుకో."

రాసుకున్నాను. గోలీ, మల్లన్న.

నా చెయ్యి ఆగింది. "సార్, మల్లన్న పోయి ఆరేండ్లాయె గదా."

"ఎరుకనే. బరీ గూడ వోయింది. రాయి."

రాశాను. ఒక్కో పేరు ఆయన చెబుతుంటే మన గ్రౌండు దుమ్ము ముక్కుకు తగిలింది. ఎక్కడెక్కడో ఉన్నవాళ్లు, లేనివాళ్లు, అందరూ వాళ్ల వాళ్ల జాగాల్లోకి వచ్చి నిలబడ్డారు. ఎడమ అంచున లెఫ్ట్ అవుట్, యాకూబ్. నువ్వే కెప్టెన్. పదకొండు అయ్యాయి. నేను మళ్లీ లెక్కపెట్టాను.

"సార్, నేను?"

"బెంచి."

"ఎందుకు సార్? ఎనభై ఏడుల నేనే గదా అందరికన్న ఎక్కువ గోల్స్..."

"నువ్వు ఒకటికి మూడు జెప్పెటోనివి. జర కూసోని ఆట సూడు."

ఇప్పటికి మూడు ఆదివారాలు. ఇదివరకటిలాగా కాదు యాకూబ్, ప్రాణం తోడేస్తున్నాడు. నేను గోలు అంటే, "బంతి ఎటుకెల్లొచ్చింది?" అంటాడు. సరిగ్గా చెప్పలేకపోతే గోలు కొట్టివేత. ఆఫ్‌సైడ్ అని రెండు కొట్టేశాడు. ఒకటి నువ్వు కొట్టింది. నేను ఎంత మొత్తుకున్నా వినలేదు. ఒక మ్యాచ్ ఓడిపోయాం, రెండు డ్రా. నా జన్మలో ఇంతసేపు మాట్లాడి ఇంత తక్కువ గెలిచింది లేదు. హనుమమ్మ తలుపు దగ్గర ముక్కాలి పీట వేసుకొని కూర్చొని వింటోంది. ఓడిన రోజు నాకు చాయ్ ఇవ్వలేదు.

ప్రతి మ్యాచ్‌లో డెబ్బయ్యో నిమిషానికి నేను మెల్లగా అడుగుతాను, "సార్, దిగనా?" అని. "కూసో" అంటాడు. నాకు నిజంగానే కాళ్లు లాగుతున్నాయి. నిన్న ఇంట్లో మంచం మీద పడుకొని కాలు ఝాడిస్తే గోడకు తగిలి వేలు వాచింది. మా ఇంటామె ఇప్పుడు ఎవతో ఉందనే అనుమానం మానేసి దవాఖానకు పోదామంటోంది.

ఇక నీతో పని. నువ్వు ఆనాడు సార్‌ను మెట్లు దించేటప్పుడు గోడ పట్టుకొని అడుగేశావట. ఆయనకు కళ్లు మసకే గానీ అది తెలిసిపోయింది. నిన్న ఆట మొదలుపెట్టక ముందే అడిగాడు. "యాకూబ్ కుంటుతున్నడు. మోకాలు ఎట్లున్నదో రాసి తెప్పియ్యి. ఆడగలిగితెనే పెడ్త. కెప్టెన్ అయితె ఏంది?"

వచ్చే ఆదివారం రోచ్‌డేల్‌తో. గట్టి మ్యాచ్. శనివారంలోగా నీ జవాబు చేరాలి. ఏ మోకాలు, ఎక్కితే నొప్పా, దిగితే నొప్పా, మిషన్ ఎంతసేపు తొక్కగలుగుతున్నావు, అన్నీ రాయి. నువ్వు ఆడలేకపోతే నీ జాగాలో ఎవరిని దింపుతాడో సార్ చెప్పలేదు. బెంచి మీద ఉన్నది నేనొక్కడినే.

అయినా ఉన్నదున్నట్టు రాయి. ఒక్క అక్షరం మార్చకుండా ఆయనకు చదివి వినిపిస్తాను.

నీ,
రఘుపతి